పదమూడేళ్ల పిల్లికి బయాప్సీ చేయించాలా?

సమస్య

మాది విజయవాడ. టీచరుగా చేసి రిటైరయ్యాను. మా పిల్లి చిట్టికి పదమూడేళ్లు. వానలో తడుస్తున్న కూనను మావారు చొక్కా లోపల పెట్టుకుని తెచ్చారు. ఆయన పోయి మూడేళ్లయింది. ఇప్పుడు ఇంట్లో నేనూ అదీ.

ఆర్నెల్లలో నాలుగుంపావు కిలోల నుంచి మూడు కిలోలకు చిక్కిపోయింది. వారానికి మూడు నాలుగుసార్లు కక్కుతోంది. రక్తపరీక్షలో కిడ్నీలు, షుగరు బాగానే ఉన్నాయి. స్కానింగులో పేగు గోడ మందంగా ఉందట. వాపు కావచ్చు, లింఫోమా అనే క్యాన్సరూ కావచ్చు, హైదరాబాద్‌లో మత్తిచ్చి ముక్క తీసి చూస్తేగానీ తేలదన్నారు. ఖర్చు నా రెండు నెలల పెన్షను. "డబ్బు నేను పంపుతా, చేయించమ్మా" అంటాడు అమెరికాలో ఉన్న అబ్బాయి. పిల్లికింత అవసరమా అంటుంది ఆడపడుచు. బుట్టలో పెడితే చాలు, చిట్టి భయంతో చొంగ కార్చుకుంటుంది. చేయించకపోతే ఆయన ప్రాణంగా చూసుకున్నదాన్ని వదిలేసినట్టేనా?

సలహా

అమ్మా, మీ డాక్టరు చెప్పింది నిజమే. నెమ్మదిగా పెరిగే లింఫోమా, మామూలు పేగు వాపు స్కానింగులో ఒకేలా కనిపిస్తాయి. అయితే ఏదో తేలాక మనం చేసేదేమిటి? వాపైతే తిండి మార్చి, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఇస్తాం. ఆ లింఫోమా అయితే అదే మాత్రకు క్లోరాంబ్యుసిల్ అనే క్యాన్సరు మందు తోడవుతుంది. రెండూ ఇంట్లో నోటికి వేసేవే. ఈ రకం క్యాన్సరు వచ్చినా మందులకు లొంగి ఏడాది, రెండేళ్లు హాయిగా తిని తిరిగే పిల్లులు చాలా ఉన్నాయి.

హైదరాబాద్ సంగతి తర్వాత. మీరు రాసిన పరీక్షల్లో థైరాయిడ్, బి12 లేవు. ముందు అవి చేయించండి. పదేళ్లు దాటిన పిల్లుల్లో థైరాయిడ్ ఎక్కువవడం మామూలే, చిక్కిపోవడం, కక్కడం దాని లక్షణాలే. పేగు జబ్బుల్లో బి12 పడిపోతుంది, ఇంజెక్షన్లు ఇస్తే ఆకలి పుంజుకోవచ్చు. వీటికి కాస్త రక్తం తీస్తే చాలు.

ఆ రెండూ చూశాక కూడా పేగు మీదే అనుమానం మిగిలితే, నేనైతే బయాప్సీకి తీసుకెళ్లను. చిట్టి ఆరేళ్లదైతే, బలంగా ఉంటే, వెళ్లమనేదాన్ని. మూడు కిలోల ప్రాణికి ఐదారు గంటల ప్రయాణం, ఆపైన మత్తు. అంత కష్టపెట్టి తెలుసుకున్నా రోజూ ఇచ్చే మందులో తేడా ఒక్క మాత్రే. కానీ నిర్ణయం స్టెరాయిడ్ మొదలుపెట్టక ముందే తీసుకోవాలి. మాత్రలు వేశాక ముక్క తీస్తే జవాబు సరిగ్గా తేలకపోవచ్చు. ముందు మందులు వాడి చూద్దాం, ఆనక బయాప్సీ అంటే కుదరదు.

బయాప్సీ వద్దనుకోవడం వైద్యం మానేయడం కాదమ్మా, తిండి మార్చి స్టెరాయిడ్ మొదలుపెడతాం. అబ్బాయి పంపే డబ్బు ఊరికే పోదు, స్టెరాయిడ్ వాడే పిల్లికి షుగరు చూస్తూ ఉండాలి, దానికి పనికొస్తుంది. వారానికోసారి చిట్టిని ఎత్తుకుని కాటా ఎక్కండి, మీ బరువు తీసేసి రాసుకోండి. కక్కిన రోజు క్యాలెండరులో గీత పెట్టండి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మర్నాటి దాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకోవచ్చు.