కంచ, శిఖం, అలుగు: మాటల్లో దాగిన నేల

పర్యావరణం అనగానే అది సైన్సు గ్రూపు వాళ్ల పాఠం అనుకుంటాం. తెలుగు, చరిత్ర చదివేవాళ్లకు అక్కడ పనేముంది? జవాబు మన శేరిలింగంపల్లిలోనే ఉంది.

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. పక్కనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపమంది. రికార్డుల ప్రకారం అది అడవి కాదని ప్రభుత్వం వాదించింది. కానీ ఊరి పేరులోనే 'కంచ' ఉంది కదా! తెలంగాణ పల్లెల్లో కంచ అంటే పశువుల మేతకు వదిలిన నేల. ఆ ఒక్క మాట అడవని రుజువు చేయదు. అయితే అది ఎవరికీ పట్టని ఖాళీ జాగా కాదని మాత్రం చెబుతుంది.

చెరువు మాటలు ఇంకా గట్టివి. శిఖం అంటే చెరువు నీరు నిలిచే నేల. అలుగు అంటే చెరువు నిండాక నీరు పొర్లిపోయే చోటు. ఎండాకాలంలో ఇవి మామూలు నేలలాగే కనిపిస్తాయి, ప్లాట్లు చేస్తే కొనేవాళ్లూ దొరుకుతారు. పాత పహాణీలో 'శిఖం' అన్న మాట చదివి అర్థం చేసుకోగలిగితే, వాన పడకముందే సంగతి తెలుస్తుంది.

ఇక తూము తీసి పొలాలకు నీళ్లు వదిలే నీరటి పని చాలా ఊళ్లలో దళిత కుటుంబాలదిగా ఉండేది. ఏ మడికి ఎంత నీరు, కట్ట ఎప్పుడు తెగింది అన్నవి వాళ్ల నోటనే ఉన్నాయి, చాలావరకు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. ఇంజనీరు కొలతలు తీస్తాడు. తాత పక్కన కూర్చుని, ఆయన మాటల్లోనే రాసుకోవడం మన చదువు చేయవలసిన పని. ఈ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు అడుగుదాం: అలుగు నీరు ఎటు పారేది? శిఖంలో ఇప్పుడేముంది? చివరి నీరటి ఎవరు?