ఊరి చెరువు – ప్రాణరక్షణ

జహీరాబాదు ప్రాంతమువారు సముద్రస్నానము చేయవలెనన్న బాపట్ల చెంతనున్న సూర్యలంకకో, విశాఖపట్టణమునకో పోవలెను. అచ్చట అలలను చూడగనే భయము, దానితోపాటు జాగ్రత్తయు కలుగును. కాని మన యూరి చెరువును చూచి భయపడువారెవరు? చిన్ననాటినుండి ఎరిగిన నీరేగదా యని నమ్ముదుము. ఆ నమ్మకమే పలుమారులు ప్రాణాంతకమగుచున్నది. 2021వ సంవత్సరమున ప్రపంచమునందు సుమారు 3 లక్షలమంది నీటమునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. వారిలో నాలుగవవంతునకు దగ్గరగా ఐదేండ్లలోపు పిల్లలే.

ఎరిగిన నీరును మారుచుండును. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ క్రింద పెక్కు చెరువులలో పూడిక తీసిరి. ఆ మట్టి పొలములకు మేలు చేసినది. కాని త్రవ్వినచోట ఏర్పడిన గోతులు నీరు నిండగనే కంటికి కానరావు. మోకాటిలోతున నడచువానికి హఠాత్తుగా నిలువులోతు తగులును. ఎర్రరాయి తీసిన క్వారీ గుంతల అంచులు నిట్టనిలువుగా నుండును, దిగినవాడు పైకెక్కలేడు. నారింజవాగు, మంజీరలలో ఎగువ వానలకు ప్రవాహము ఒక్కసారిగా పెరుగును.

కావున పంచాయతీ సభ్యులు వేసవిలోనే, నీరు తగ్గినపుడు, చేపలుపట్టువారిని వెంటబెట్టుకొని చెరువంతయు తిరిగి చూడవలెను. చెరువు లోతు వారికి తెలిసినంత మరెవ్వరికి తెలియదు. గోతులున్నచోట పొడవైన వెదురుగడలు పాతి ఎర్రగుడ్డ కట్టించవలెను. స్నానములకు మెరకచోటు ఏర్పరుపవలెను. గట్టుపై గాలినింపిన ట్యూబును, పొడవైన మోకును ఎల్లప్పుడు ఉంచవలెను. పాడుబడిన బావులను పూడ్పించవలెను. వినాయక నిమజ్జనమునాడు, బతుకమ్మనాడు ఈతగాండ్రను కాపుంచవలెను. పిల్లలకు పెద్దల సమక్షమున ఈత నేర్పించుటయు అవసరమే.

మునుగుచున్నవానిని చూచి, ఈతరానివారు నీటిలోనికి దూకరాదు. ఒకని వెంట ఇద్దరు మునుగుట అందువలననే. గట్టుననుండియే మోకునో, ట్యూబునో విసరవలెను. ఏమియు లేనిచో చీరలను ముడివేసి అందించవలెను. బయటికి తీసినవానిని తలక్రిందులుగా వ్రేలాడదీయుట, భుజముపై వేసి త్రిప్పుట, పొట్ట నొక్కుట తగవు. విలువైన నిమిషములు వ్యర్థమగును. వెంటనే 108కి ఫోను చేయించి, ఊపిరి లేనిచో వెల్లకిల పరుండబెట్టి, నోటిలోని బురదను తీసి, తలను కొంచెము వెనుకకు వంచి, ముక్కు మూసి, నోటిలో నోరుంచి 2 మార్లు ఊపిరి ఊదవలెను. పిదప రొమ్ము నడుమ అరచేతులుంచి 30 మార్లు గట్టిగా, వేగముగా నొక్కవలెను. సహాయము వచ్చువరకు ఈ రెండింటిని మార్చిమార్చి చేయవలెను.

యాత్రలకు పోయి సముద్రమున దిగువారికి ఒక్క మాట. ఎర్రజెండా ఉన్నచోట దిగరాదు. ప్రవాహము లోనికి లాగినచో దానికెదురీది అలసిపోక, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, లాగుడు తగ్గినపిమ్మట ఒడ్డు చేరవలెను.

ఒక మోకు, ఒక ట్యూబు, నాలుగు వెదురుగడలు ఏ పంచాయతీకిని భారము కావు. రాబోవు సమావేశముననే ఈ విషయమును చర్చించి, వానలు రాకముందే ఏర్పాట్లు ముగించవలెనని సభ్యులకు మేము మనవి చేయుచున్నాము.