చిన్న సినిమా, పెద్ద నోరు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పరీక్షలు బాగా రాశావట, సంతోషం. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. పండక్కి మీ నాన్న ఇంటిల్లిపాదికీ పెద్ద సినిమా టికెట్లు తెస్తే, "ఆ చెత్త నేను చూడను" అని గదిలోకెళ్లి తలుపేసుకున్నావట. పాపం, బావ హుషారంతా నీరుగారిపోయిందే తల్లీ! సినిమా చెత్తే కావచ్చు. ఆ మాట చూసొచ్చాక అనొచ్చుగా?

నీ అభిరుచికి నేనేం వంక పెట్టను. 'కేరాఫ్ కంచరపాలెం' చూసి నువ్వు పంపిన మెసేజ్ ఇంకా దాచుకున్నాను. పెళ్లికాని ఆ అటెండరు రాజు మన వీధిలో మనిషిలా ఉన్నాడన్నావు. ఉండడూ మరి! 2018లో దర్శకుడు వెంకటేశ్ మహా విశాఖలోని ఆ పేట జనాన్నే పాత్రల్లో నిలబెట్టాడు. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు, సలీమాగా నటించిందీ ఆవిడే. అయితే దాన్ని థియేటర్లదాకా తెచ్చిందెవరు? నువ్వు పొద్దస్తమానం తిట్టే పెద్ద బ్యానర్లలో ఒకటైన సురేష్ ప్రొడక్షన్సే.

మీ అమ్మమ్మకి ఎన్టీఆర్ సినిమా అంటే ప్రాణం. అలాంటి మనిషి టీవీలో బి. నర్సింగరావు 'దాసి' వేసినరోజు పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవలేదు. దొర గడీలో చాకిరీ చేసే కమలాక్షిగా అర్చన. జాతీయ అవార్డు ఊరికే ఇచ్చారా ఆ అమ్మాయికి! అంతా అయ్యాక అమ్మమ్మ, "ఆ పిల్లకి నా అన్నవాళ్లే లేరట్రా?" అంది. మర్నాడు మళ్లీ ఎన్టీఆర్ పాటే పాడుకుంది. ఆవిణ్ణి ఏ జట్టులో వేస్తావు?

అంతెందుకు, 1980లో 'మా భూమి' వచ్చింది, 'శంకరాభరణం' వచ్చింది. ఒకదానికి జనం నుంచి పుట్టిన కథే బలం. రెండోదాంట్లో కథానాయకుడిగా వేసిన సోమయాజులు రెవెన్యూ ఉద్యోగి, పెద్ద హీరో కాదు. రెండిట్నీ నెత్తిన పెట్టుకున్నది ఈ జనమే, నువ్వు "మాస్" అని మూతి తిప్పే జనమే.

కోప్పడుతున్నాననుకోకు, బంగారూ. చిన్న సినిమా మీద నిజంగా ప్రేముంటే ఓటీటీలో వచ్చాక చూద్దాంలే అనకు. మొదటి శుక్రవారమే టికెట్ కొను, నలుగుర్ని వెంటేసుకెళ్లు. రెండో వారానికి ఆ హాలు ఇంకో సినిమాకి పోతుంది. అప్పుడు ఎన్ని పొగడ్తలు రాసినా ఆ నిర్మాతకి పైసా రాలదు.

ఈసారి సెలవులకొచ్చినప్పుడు నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని 'మల్లేశం' చూపించు. చీర నేతకి దారం చుట్టే ఆసు యంత్రం కోసం ఆ కుర్రాడు పడే తంటాలు ఆయనకి తప్పక నచ్చుతాయి. మధ్యలో నిద్రపోతే మాత్రం తిట్టకు, లేపి చూపించు.

మీ మావయ్య