వాయిదా బేరాలు, కందుల ధర: కాకతాళీయమా, కారణమా?

2007 జనవరిలో కేంద్ర ప్రభుత్వం కందులు, మినుములలో వాయిదా వ్యాపారాన్ని నిలిపివేసింది. ఫిబ్రవరిలో గోధుమలు, బియ్యం వంతు వచ్చింది. 2008 మేలో శనగలు, సోయా నూనె, రబ్బరు, బంగాళాదుంపలు కూడా ఆ జాబితాలో చేరాయి. ఈ నిర్ణయాల వెనుక ఉన్న వాదం సూటిగానే ఉంది. 2003లో జాతీయ స్థాయి ఎక్స్ఛేంజీలు వచ్చాయి. వాటిలో లావాదేవీలు ఏటికేడాది పెరిగాయి. అదే కాలంలో పప్పులు, గోధుమల ధరలు కూడా పెరిగాయి. కనుక ధరలు పెంచినది వాయిదా మార్కెట్టేనని తీర్మానం జరిగిపోయింది.

కాకి వాలిన క్షణంలోనే తాటిపండు రాలితే, చూసినవాడు కాకి బరువుకే పండు రాలిందనుకుంటాడు. పండు ముగ్గి, తొడిమ వదులై ఉండవచ్చునన్న సంగతి అతనికి తట్టదు. కాకతాళీయమనే మాట ఇందులోంచే పుట్టింది. రెండు విషయాలు కలిసి నడవడాన్ని గణాంక శాస్త్రంలో సహసంబంధం అంటారు. దానిని కొలిచే గుణకం -1 నుంచి +1 వరకు ఉంటుంది. గుణకం 1కి దగ్గరైన కొద్దీ రెండు అంకెలు ఎంత సన్నిహితంగా కలిసి నడుస్తున్నాయో తెలుస్తుంది. ఏది దేనిని నడిపిస్తున్నదో మాత్రం ఆ గుణకం చెప్పదు. ఇది తెలియక సరుకు పట్టి నష్టపోయినవారు ప్రతి యార్డులోనూ కనిపిస్తారు.

గోధుమల సంగతే తీసుకుందాం. 2006 ఏప్రిల్ 1 నాటికి ప్రభుత్వ గిడ్డంగులలో గోధుమ నిల్వ సుమారు 20 లక్షల టన్నులు. ఆ తేదీకి ఉండవలసిన కనీస నిల్వ 40 లక్షల టన్నులు. ఆ ఏడాది విదేశాల నుంచి గోధుమలు తెప్పించుకోవలసి వచ్చింది. నిల్వ తగ్గితే ధర పెరుగుతుంది. అదే నిల్వ తగ్గినప్పుడు రేపటి ధర ఎంతవుతుందోనన్న ఆందోళనతో మిల్లర్లు, స్టాకిస్టులు, స్పెక్యులేటర్లు వాయిదా మార్కెట్టుకు చేరుతారు. అంటే ధరనూ, వాయిదా లావాదేవీలనూ ఒకేసారి పైకి నెట్టిన మూడో శక్తి ఒకటి ఉంది. ఆ మూడోదాన్ని లెక్కలోంచి తీసేస్తే మిగిలిన రెండూ తండ్రీకొడుకుల్లా కనిపిస్తాయి. నిజానికి అవి అన్నదమ్ములు.

ఈ వివాదాన్ని పరిశీలించడానికి ప్రణాళికా సంఘం సభ్యుడు అభిజిత్ సేన్ అధ్యక్షతన ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. 2008 ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది. వాయిదా వ్యాపారం వల్లే ధరలు పెరిగాయనడానికి స్పష్టమైన ఆధారం లేదని సంఘం తేల్చింది. ధరలు సహజంగా ఎక్కి దిగే చక్రానికీ, వాయిదా మార్కెట్టు ప్రభావానికీ తేడా పట్టడానికి నాలుగేళ్ల అనుభవం చాలదని కూడా చెప్పింది. ఆధారం లేదన్నంత మాత్రాన వాయిదా మార్కెట్టుకు నిర్దోషి పత్రం ఇచ్చినట్టు కాదు. ఈ తేడాను ఆనాడు అటు ఎక్స్ఛేంజీలవారూ, ఇటు నిషేధవాదులూ పట్టించుకోలేదు. ఎవరికి కావలసిన వాక్యం వారు చదువుకున్నారు.

సంఘానికి దొరకని అనుభవం తర్వాతి సంవత్సరాలలో దొరికింది. కందులలో వాయిదా బేరాలు 2007లోనే ఆగిపోయాయి. ఆ నిషేధం అమలులో ఉండగానే 2015 అక్టోబరులో కందిపప్పు చిల్లర ధర కిలో సుమారు 200 రూపాయలు పలికింది. రెండేళ్లు వరుసగా వానలు లోపించడం, దిగుబడి పడిపోవడం అందుకు కారణాలు. ఆ ధర చూసి రైతులు కందివైపు మళ్లారు. 2016లో వానలు కలిసివచ్చాయి. 2015-16లో సుమారు 25 లక్షల టన్నులున్న దేశపు కంది దిగుబడి 2016-17లో 48 లక్షల టన్నులు దాటింది. బోనస్‌తో కలిపి క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర ఉన్నా, మార్కెట్లో ధర అంతకన్నా దిగువకు జారింది. ఎక్కినప్పుడూ వాయిదా మార్కెట్టు లేదు, దిగినప్పుడూ లేదు. కాకి లేకుండానే పండు రాలింది.

2021 డిసెంబరులో సెబీ ఏడు సరుకులలో వాయిదా వ్యాపారాన్ని సస్పెండ్ చేసింది. వాటిలో ముడి పామాయిల్ ఒకటి. తర్వాత కొన్ని నెలలకే, 2022 మార్చిలో, యుక్రెయిన్ యుద్ధ ప్రభావంతో మలేషియా పామాయిల్ ధర టన్ను 7,000 రింగిట్లు దాటింది. ఏప్రిల్ 28 నుంచి ఇండోనేషియా ఎగుమతులు ఆపింది; మే 23న తిరిగి అనుమతించింది. జూలైలో ధర 4,000 రింగిట్ల దిగువకు పడింది. మన వంటనూనెలో సగానికి పైగా దిగుమతి సరుకే. కాకినాడ రేవులో దిగే పామాయిల్ ధరను ఆ నెలల్లో నడిపినవి కౌలాలంపూర్, జకార్తా కబుర్లు. ధర తగ్గిందని సస్పెన్షన్‌కు కీర్తి కట్టబెట్టడం, పెరిగిందని దానిని నిందించడం, రెండూ ఒకే తప్పు.

వాయిదా మార్కెట్టులో సరుకును బిగబట్టి ధర పెంచే ప్రయత్నాలు జరగవని దీని అర్థం కాదు. డెలివరీ దగ్గరపడినప్పుడు, నిల్వ కొద్దిమంది చేతుల్లో ఉన్నప్పుడు అటువంటివి జరుగుతాయి. అప్పుడు చూడవలసినవి ఎవరి చేతిలో ఎన్ని కాంట్రాక్టులున్నాయి, గిడ్డంగిలో ఎంత సరుకుంది అన్న లెక్కలు. ధర గీతనూ, లావాదేవీల గీతనూ పక్కపక్కన పెట్టి చూస్తే అవి బయటపడవు.

పైకి పోయే రెండు గీతలు

రెండు సరుకుల ధరలు ఏళ్ల తరబడి పెరుగుతూ ఉంటే వాటి మధ్య ఏ సంబంధం లేకపోయినా గుణకం పెద్దదిగానే వస్తుంది. ఉదాహరణకు ఒక సరుకు ఆరేళ్ల ధరలు 100, 108, 112, 121, 127, 135 అనుకుందాం. మరో సరుకు ధరలు 40, 43, 47, 49, 54, 57. గుణకం కడితే 0.99 వస్తుంది. ఇంతకన్నా గట్టి సంబంధం ఏముంటుందనిపిస్తుంది. ఇప్పుడు ధరలను పక్కన పెట్టి, ఏటా వచ్చిన మార్పును మాత్రమే తీసుకుంటే మొదటి సరుకులో 8, 4, 9, 6, 8; రెండో దానిలో 3, 4, 2, 5, 3. వీటి గుణకం -0.77. మొదటిది ఎక్కువ పెరిగిన ఏడు రెండోది తక్కువ పెరిగిందన్నమాట. ఒకదానిలో నష్టం వస్తే రెండోది సరిపెడుతుందనో, రెండూ కలిసి పోతాయనో 0.99ను నమ్మి పెట్టుబడి పెట్టినవాడి గతి ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. అయిదు మార్పులు చూసి -0.77ను నమ్మడం కూడా తొందరపాటే.

ఈ మాయను బ్రిటిష్ గణాంక శాస్త్రజ్ఞుడు ఉడ్నీ యూల్ 1926లో ప్రచురించిన వ్యాసంలో వివరించాడు. 1866 నుంచి 1911 వరకు ఇంగ్లండులో జరిగిన పెళ్లిళ్లలో ఆంగ్లికన్ చర్చి పద్ధతిలో జరిగినవాటి వంతునూ, అక్కడి మరణాల రేటునూ ఆయన పోల్చాడు. గుణకం 0.95 వచ్చింది. చర్చి పెళ్లిళ్లు తగ్గడం వల్ల జనం ఆయుష్షు పెరిగిందని ఎవరూ అనరు. రెండూ ఆ అర్ధ శతాబ్దంలో నెమ్మదిగా తగ్గుతూ వచ్చాయి, అంతే.

వెతికితే దొరికేవి

అంతకుముందే విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త 1870లలో సూర్యుడి మచ్చలకూ, వ్యాపార సంక్షోభాలకూ లంకె పెట్టాడు. మచ్చలు మారితే ఎండ మారుతుంది, ఎండ మారితే ఇండియాలో పంటలు మారతాయి, పంట పోతే ఇండియావారు ఇంగ్లండు సరుకు కొనలేరు, దాంతో అక్కడ సంక్షోభం వస్తుంది అని ఆయన సిద్ధాంతం. ఢిల్లీలో 1763 నుంచి 1835 వరకు ధాన్యం ధరలను కూడా సాక్ష్యంగా చూపాడు. సంక్షోభాల మధ్య ఎడం సుమారు పదిన్నరేళ్లు, మచ్చల చక్రమూ అంతేనన్నాడు. మచ్చల చక్రం సగటున 11 ఏళ్లని తర్వాత స్థిరపడింది. జెవన్స్ తెలివితక్కువవాడు కాడు. ఆ కాలపు మేధావులలో ఒకడు. సరిపోయే అంకెల కోసం వెతికేవాడికి అవి దొరుకుతూనే ఉంటాయి.

1904 నుంచి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ ఈ ప్రమాదాన్ని బాగా ఎరిగినవాడు. రుతుపవనాల జోస్యానికి ప్రపంచం నలుమూలల వాతావరణ అంకెలను గాలించిన ఆయనే, ఎక్కువ అంశాలు గాలించినప్పుడు కేవలం యాదృచ్ఛికంగానే ఒకటి రెండు పెద్ద గుణకాలు బయటపడతాయని 1914లో హెచ్చరించాడు. నేడు బ్రోకరు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని పసుపు ధరకు ఇరవై చార్టులు జతచేసి చూసి, సరిపోయిన ఒక్కదానిని ఖాతాదారుకు చూపేవారికి ఈ హెచ్చరిక వర్తిస్తుంది. సరిపోని పంతొమ్మిది చార్టుల గురించి ఖాతాదారు అడగడు.

ముందు వచ్చినది, తర్వాత వచ్చినది

తన కోడి కూస్తేనే ఊరికి తెల్లవారుతుందనుకున్న అవ్వ కథ అందరికీ తెలిసినదే. నిజామాబాదు పసుపు విషయంలో ఇటువంటి భ్రమకు అవకాశం ఉంది. ఎక్స్ఛేంజీలో ధర ఉదయం పెరుగుతుంది, తర్వాత యార్డులో పాట పెరుగుతుంది. ముందు పెరిగినది తర్వాతిదాన్ని లాగిందనిపిస్తుంది. పంట దెబ్బతిన్నదన్న కబురు రెండు చోట్లకూ చేరవలసిందే. మీట నొక్కితే బేరం కుదిరే చోట ముందుగా కనిపిస్తుంది, కుప్పలు పోసి పాట పాడే చోట ఆలస్యంగా కనిపిస్తుంది. క్లైవ్ గ్రాంజర్ 1969లో ప్రతిపాదించిన పరీక్షను ఇటువంటి ధరలపై తరచు వాడుతుంటారు. ఆయనకు 2003లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఒకదాని గత అంకెలు రెండోదాని రేపటి అంకెను ఊహించడానికి తోడ్పడతాయా అన్నంత వరకే ఆ పరీక్ష చెబుతుంది. కోడికూతా ఆ పరీక్షలో నెగ్గుతుంది.

గుంటూరు మిర్చిలో చిక్కు మరో రకం. రాబడులు పెరిగితే ధర తగ్గుతుందని పుస్తకం చెబుతుంది. కొత్త పంట దిగే నెలల్లో అది చాలా వరకు నిజం. శీతల గిడ్డంగుల సరుకు కదిలే నెలల్లో మాత్రం ధర పెరిగిన వారమే బస్తాలు ఎక్కువగా రావడం కద్దు. ఆ అంకెలు చూసి, సరుకు ఎంత వచ్చినా గిరాకీ తట్టుకుంటున్నదని కొత్త వర్తకుడు తేజీ లెక్కలు వేస్తాడు. పెరిగిన ధరను అందుకుందామని నిల్వదారులే గిడ్డంగి తలుపులు తెరిచారని పాత కమీషను ఏజెంటుకు తెలుసు. బస్తాలు ఈ వారం పొలం నుంచి వచ్చాయా, గిడ్డంగి నుంచి వచ్చాయా అని అతను ముందు హమాలీలను అడుగుతాడు. ధర బోర్డు ఆ తర్వాత చూస్తాడు.