రాత్రి పదిగంటలకు స్లాబు ఎందుకు వేడిగా ఉంటుంది?

మే నెలలో ఒక రాత్రి పదిగంటలకు బల్ల ఎక్కి, మీ ఇంటి స్లాబుకు అరచెయ్యి ఆనించి చూడండి. ముందు ఫ్యాను ఆపండి సుమా! సూర్యుడు అస్తమించి మూడు గంటలైంది. వీధిలో గాలి చల్లబడింది. అయినా స్లాబు చేతికి వేడిగానే తగులుతుంది. ఆ వేడి ఎక్కడిది?

లెక్క వేసి చూద్దాం. ఆకాశం నిర్మలంగా ఉన్న వేసవి మధ్యాహ్నం ఒక చదరపు మీటరు కప్పు మీద సుమారు 1,000 వాట్ల సౌరశక్తి పడుతుంది. మీ గది 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. కప్పు మీద మొత్తం 12,000 వాట్లు! పన్నెండు కరెంటు పొయ్యిలు వరసగా వెలిగించి పెట్టినట్లే. మాసిన సిమెంటు స్లాబు ఇందులో మూడింట రెండు వంతులకు పైగా శోషించుకుంటుంది. దాని పైభాగం 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటడం వేసవిలో మామూలే.

ఇల్లు వేడెక్కడానికి గోడల కంటే కప్పే ఎక్కువ కారణం. మనం ఉన్న అక్షాంశాన్ని బట్టి అలా జరుగుతుంది. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా పాతిన కర్రకు నీడే పడదు. ఆ రోజుల్లో తూర్పు గోడకు ఉదయం, పడమటి గోడకు సాయంత్రం మాత్రమే ఎండ. కప్పుకు మాత్రం రోజంతా ఎండే. చలిదేశాలవాళ్ళు చలికాలపు ఎండ ఇంట్లోకి రావాలని పెద్దపెద్ద అద్దాలు పెట్టుకుంటారు. వాళ్ళకది అవసరం. అది చూసి మనం నిలువెల్లా అద్దాల మేడలు కట్టుకోవడం నాకైతే ఎండలో కంబళి కప్పుకున్నట్లు అనిపిస్తుంది.

ఇక మీ గది స్లాబు బరువు చూద్దాం. 10 సెంటీమీటర్ల మందం అనుకుంటే దాని బరువు దాదాపు 2,900 కిలోగ్రాములు. కాంక్రీటు విశిష్టోష్ణం నీటి విశిష్టోష్ణంలో అయిదో వంతుకు కాస్త ఎక్కువ. అంటే ఉష్ణాన్ని దాచుకోవడంలో ఆ స్లాబు సుమారు 600 లీటర్ల నీళ్ళతో సమానం. వేడినీళ్ళ తొట్టిని తల మీద వేలాడదీసుకుని నిద్రపోతున్నామన్నమాట! పగలు పైన తాగిన వేడి ఉష్ణవహనం వల్ల నెమ్మదిగా కిందికి దిగి, సాయంత్రానికి గదిలోకి చేరుతుంది. అక్కడినుంచి ఉష్ణవికిరణం రూపంలో సూటిగా మీ ఒంటిని తాకుతుంది. ఫ్యాను గాలిని కదుపుతుంది, చెమటను ఆరుస్తుంది. వికిరణాన్ని మాత్రం ఆపలేదు.

ఏసీ పెట్టుకోవచ్చు కదా అంటారేమో. ఒక టన్ను ఏసీ అంటే 24 గంటల్లో 907 కిలోల మంచును కరిగించగలిగినంత ఉష్ణాన్ని గదిలోంచి బయటికి లాగే యంత్రం. మంచు గుప్తోష్ణం తీసుకుని మీరే లెక్క కట్టండి, సుమారు 3,500 వాట్లు వస్తుంది. ఇందుకు అది దాదాపు 1,000 వాట్ల కరెంటు వాడుకుని, మొత్తం 4,500 వాట్ల వేడిని వీధిలోకి వదులుతుంది. మన గది చల్లబడుతుంది, పక్కింటి కిటికీ వేడెక్కుతుంది. ఏసీ కొనలేని ఇల్లు ఆ పక్కిల్లే కావచ్చు. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. పగలంతా ఎండలో పనిచేసిన శరీరం రాత్రి చల్లబడాలి. అందుకే రాత్రి గది ఎంత వేడిగా ఉందన్నది చిన్న విషయం కాదు.

లోపలికి వచ్చిన వేడిని తోడి పోయడం కన్నా అసలు రానివ్వకపోవడం సులువు. హరిత భవనాలలో మొదటి సూత్రం ఇదే. మన పాత ఇళ్ళు దీన్ని రెండు రకాలుగా పాటించాయి. పగలు ఎండ, రాత్రి చల్లదనం ఉండే రాయలసీమలో మందమైన మట్టి మిద్దెలు వేశారు. పగటి వేడి ఆ మట్టిని దాటి లోపలికి రావడానికి చాలా గంటలు పడుతుంది. ఉక్కపోసే కోస్తాలో పెంకుటిళ్ళు కట్టారు. పెంకు పలచన, ఎంత త్వరగా వేడెక్కుతుందో అంత త్వరగా చల్లారుతుంది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. మా ఇంట్లో స్లాబు పోయించిన తర్వాత కూడా మా అమ్మ వేసవి రాత్రులు పాత వసారాలోనే పడుకునేది. ఆమెకు విశిష్టోష్ణం తెలియదు, నిద్ర తెలుసు.

స్లాబు ఇళ్ళవాళ్ళు ఏం చేయాలి? హైదరాబాదులో 2004లో ప్రారంభమైన సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరు కప్పు మీద మట్టి పరచి పచ్చిక పెంచారు. మట్టి వేడిని అడ్డుకుంటుంది, ఆకులు నీటిని ఆవిరి చేస్తూ చల్లబరుస్తాయి. అయితే తడిమట్టి బరువును అన్ని స్లాబులూ మోయలేవు, ఇంజనీరును అడగనిదే ఆ పని చేయకండి. చౌక మార్గం తెల్ల రంగు. కొత్తగా వేసిన సున్నం ఎండలో ఎక్కువ భాగాన్ని తిరిగి పరావర్తనం చేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది కూడా. సంక్రాంతికి గోడలకు వెల్ల వేస్తాం కదా, కప్పుకెందుకు వేయం? వానలకు సున్నం కొట్టుకుపోతుంది, నిజమే. ఏటా వేసవికి ముందు మళ్ళీ వేయాలి.

మా బడిలో పై అంతస్తు తొమ్మిదో తరగతి పిల్లలు మార్చి మధ్యాహ్నాలు బల్లల మీద తలలు వాల్చేసేవారు. పాఠం చెప్పేవాణ్ణి నేనే కాబట్టి నేరమంతా స్లాబుదే అనలేను! ఒక ఏడాది డాబాలో సగానికి సున్నం వేయించాం. రెండు గంటల వేళ మాసిన సగంలో వట్టి కాళ్ళతో క్షణం నిలవలేక గెంతిన పిల్లలే తెల్లని సగంలో కబుర్లు చెప్పుకుంటూ నిలబడ్డారు.

మీరూ పరీక్షించవచ్చు. ఒకే మందం గల రెండు కడప బండ ముక్కలు తీసుకోండి. ఒకదాని పైభాగానికి రెండు పూతలు సున్నం వేసి ఆరనివ్వండి. రెండింటినీ ఇటుకల మీద ఎత్తి, మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు గంటలపాటు ఎండలో ఉంచండి. తర్వాత నీడలోకి తెచ్చి, ప్రతి పావుగంటకూ అడుగుభాగాన్ని తాకి ఏది ఎంతసేపు వేడిగా ఉందో రాసుకోండి. మొదట నల్లబండను తాకేటప్పుడు జాగ్రత్త. నీళ్ళు పోస్తే సున్నం కుతకుతలాడుతుంది, కంట్లో పడితే ప్రమాదం. దాన్ని కలిపే పని పెద్దవాళ్ళకు వదలండి.