వృద్ధుల సమ్మతి

దేహము శిథిలమైనంత మాత్రమున వివేకము నశించినట్లు కాదు. వృద్ధులకు సేవ చేయువారు మొదట గ్రహింపవలసిన ధర్మమిదియే. చెవి సరిగా వినబడదని, చేయి వణకునని, ఇంటివారే నిర్ణయించి వ్రేలిముద్ర వేయించుట పెక్కు చోట్ల పరిపాటియైనది.

ఒక వృద్ధమాత తన ఇంటిని కుమారునకు దానపత్రముపై వ్రాసి యీయనున్నదనుకొందము. చెంతనుండి సేవ చేయువారు మూడు విషయములు విచారింపవలెను. పత్రమును ఆమెకు పూర్తిగా చదివి వినిపించిరా? వ్రేలిముద్ర పడిన పిదప ఇల్లు తనది కాదని ఆమె యెరుగునా? కుమారుడు ఎదుట లేనపుడును అదే మాట చెప్పునా? వినికిడి తక్కువైనచో దగ్గర కూర్చుండి, మెల్లగా, మరల మరల చెప్పవలెను. సమాధానము లభించువరకు ఆగుటయే న్యాయము.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. దాని 23వ సెక్షను ననుసరించి, పోషింతునను నియమముపై ఆస్తిని పొందినవాడు పిదప పోషింపనిచో, ట్రిబ్యునలు ఆ దానమును రద్దు చేయవచ్చును. అయితే అట్టి నియమము ఉండినట్లు రుజువు కావలెనని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున పోషణ నియమమును దానపత్రమునందే స్పష్టముగా వ్రాయించుట క్షేమము.

రక్షణ పేరిట పెత్తనము చేయుటయు దోషమే. సర్వము తెలిసికొని ఆ తల్లి ఇచ్చెదననినచో, ఇతరులకు నచ్చకున్నను అది ఆమె నిర్ణయము. ఈయననినచో అదియు నిర్ణయమే. ఆ మాటను చాదస్తమని త్రోసివేయక, ఇంటిలో అందరిచేత మన్నింపజేయుటయే నిజమైన సేవ.