రోగికి తోడైన పెంపుడు కుక్క – చట్టం ఏమంటుంది?

"మా తమ్ముడు ఆ కుక్క పక్కన లేనిదే అన్నం ముట్టడు. ఇంటాయనేమో దాన్ని పంపేయమంటున్నాడు. డాక్టరుగారు చీటీ రాసిస్తే ఒప్పుకుంటాడా?" జనగామ అయినా, మహబూబాబాద్ అయినా, భూపాలపల్లి అయినా, దిగులు జబ్బు ఉన్న ఇంట్లో ఇలాంటి ప్రశ్న రావచ్చు.

చీటీతో పని జరగదు. మానసిక ఊరటనిచ్చే జంతువుకు ప్రత్యేక హోదా ఇచ్చే చట్టం మన దేశంలో లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం పొందే హక్కునిచ్చింది గాని, తోడు జంతువుకు హక్కులేమీ ఇవ్వలేదు. డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ ఇస్తామనేవారిని నమ్మకండి.

అలాగని దిక్కులేనట్టు కాదు. పెంపుడు కుక్కలను అపార్టుమెంటు సంఘాలు నిషేధించరాదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చింది. అద్దె ఇల్లయితే ఒప్పంద పత్రం ముఖ్యం. కుక్క సంగతి ముందే చెప్పి అందులో రాయించుకోండి.

బాధ్యత కూడా మీదే. ఏటా రేబిస్ టీకా వేయించండి. నిర్లక్ష్యంగా వదిలి మనుషులకు అపాయం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పసరులు పూయకండి.

రోగి ఆస్పత్రిలో ఉండగా కుక్కను ఊరవతల వదిలేద్దామనిపిస్తుంది. సరైన కారణం లేకుండా ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. పైగా ఇంటికి రాగానే రోగి మొదట వెతికేది దాన్నే. పక్కింటివారికో చుట్టాలకో అప్పగించి, ఎవరి దగ్గర ఉందో రోగికి చెప్పండి.